మందు డబ్బా మూత తీసే ముందు సాలీడును లెక్కపెట్టండి
(సంఘం శిక్షణ తరగతిలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నించీ మద్దతు ధర గురించి, కౌలు కార్డుల గురించి, ధాన్యం డబ్బులు ఆలస్యం కావడం గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నన్ను సాలీడు గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వండి, తప్పులేదు. పదిహేనేళ్ళ కిందట నాకెవరైనా ఈ మాట చెబితే నేనూ నవ్వేవాణ్ణే. కానీ మనం పురుగుమందుల కొట్లో ఖాతా రాయించుకునే ప్రతి రూపాయికీ, ఈ సాలీడుకీ సంబంధం ఉంది. అది చెప్పడానికే వచ్చాను.

ముందు నా సంగతి చెబుతాను. ఒక ఏడాది సార్వాలో ఐదెకరాలు కౌలుకు చేశాను. సాంబ మసూరి వేశాను. ఊడ్చిన ఇరవై రోజులకి నాలుగు ఆకులు తెల్లబడ్డాయని కొట్టుకి వెళ్ళాను. కొట్టాయన రెండు సీసాలు కలిపి కొట్టమన్నాడు. కొట్టాను. చేను నిగనిగలాడింది. మళ్ళీ పదిహేను రోజులకి ఇంకోసారి. ఆ తర్వాత గుళికలు. పొట్ట దశకి వచ్చేసరికి చేను మధ్యలో గుండ్రంగా, మంట పెట్టినట్టు ఎండిపోయింది. సుడిదోమ. పక్క మడి మా పెదనాన్నగారిది. ఆయన ముసలాయన, ఓపిక లేక ఒక్కసారి కూడా మందు కొట్టలేదు. ఆయన మడిలోనూ దోమ ఉంది. కానీ సుడి పడలేదు. నేను నాలుగుసార్లు కొట్టి పోగొట్టుకున్నాను, ఆయన కొట్టకుండా పండించుకున్నాడు. ఆయన అదృష్టం అనుకున్నాను. అదృష్టం కాదని తర్వాత పొలంబడిలో తెలిసింది.

పొలంబడిలో మాస్టారు మమ్మల్ని మడిలోకి దింపి, దుబ్బును రెండు చేతులతో విడదీసి, కింద నీళ్ళ దగ్గర చూడమన్నారు. చూస్తే చిన్న సాలీడు ఒకటి నీళ్ళ మీద పరుగెత్తింది. మునగలేదు. అప్పటిదాకా ముప్ఫై ఏళ్ళు వ్యవసాయం చేశాను, ఒక్కసారి కూడా దాన్ని నిలబడి చూడలేదు. అక్కడే కలుపు తీస్తున్న ఒక పెద్దామె, "ఇది సంచి మోసుకు తిరిగే పురుగు బాబూ, మాకు రోజూ కనబడుతుంది" అంది. కాలంతా వంగి పనిచేసేవాళ్ళకి తెలిసిన సంగతి, గట్టు మీద నిలబడే నాకు తెలియలేదు.

ఆ సాలీడు పేరు శాస్త్రంలో పార్డోసా సూడోయాన్యులేటా. పాత పుస్తకాల్లో లైకోసా అని ఉంటుంది. లైకోస్ అంటే గ్రీకు భాషలో తోడేలు. అందుకే దీన్ని తోడేలు సాలీడు అంటారు. 1906లో బోసెన్‌బెర్గ్, స్ట్రాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జపాన్ సాలీళ్ళను వర్ణిస్తూ దీన్ని మొదట లెక్కలోకి ఎక్కించారు. కానీ ఇది జపాన్‌కే పరిమితం కాదు. మన దేశంలోనూ, చైనాలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ, ఇండోనేషియాలోనూ వరి పండే ప్రతిచోటా ఉంది. చిత్తడి నేల దీని ఇల్లు. మన వరి మడి కూడా మనం దమ్ము చేసి తయారుచేసిన చిత్తడే కదా. అందుకే పిలవకుండానే వచ్చి కాపరం పెడుతుంది.

దీన్ని ఎలా గుర్తుపట్టాలి? పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, గుర్తులు మర్చిపోకండి.

మొదటిది, కాళ్ళు లెక్కపెట్టండి. సాలీడుకు ఎనిమిది కాళ్ళు. పురుగుకు ఆరు. సాలీడుకు రెక్కలు ఉండవు, మీసాలు ఉండవు. ఒళ్ళు రెండే భాగాలు. ముందు భాగంలో తల, రొమ్ము కలిసిపోయి ఉంటాయి, వెనక పొట్ట.

రెండోది, సైజు, రంగు. ఒళ్ళు సుమారు ఒక సెంటీమీటరు. ఆడదానికంటే మగది చిన్నది. రంగు గోధుమ, బూడిద కలిసినట్టు, మడిలో బురద రంగులోనే ఉంటుంది. ముందు భాగం మీద నడుమ, పంగల కర్ర ఆకారంలో పాలిపోయిన గుర్తు కనిపిస్తుంది. పొట్ట మీద తెల్లటి మచ్చలు ఉంటాయి. ఆ పంగల కర్ర గుర్తే దీనికి ఆనవాలు.

మూడోది, కళ్ళు. ఎనిమిది కళ్ళు మూడు వరసల్లో ఉంటాయి. ముందు వరసలో నాలుగు చిన్నవి, వాటి పైన రెండు పెద్దవి, ఇంకా వెనగ్గా రెండు. రాత్రిపూట టార్చిలైటును మీ కంటి పక్కనే పెట్టుకుని గట్టు మీదనుంచి మడిలోకి వేయండి. మంచుబొట్టు మెరిసినట్టు చిన్న చిన్న మెరుపులు కనిపిస్తాయి. దగ్గరకు వెళ్ళి చూస్తే చాలావరకు ఈ సాలీళ్ళ కళ్ళే. మందు కొట్టని మడిలోకి, మందు కొట్టిన మడిలోకి ఒకే రాత్రి లైటు వేసి చూడండి. నేను చెప్పక్కర్లేదు.

నాలుగోది, సంచి. ఆడ సాలీడు గుడ్లను పట్టు సంచిలో కట్టి పొట్ట చివర తగిలించుకుని తిరుగుతుంది. పిల్లలు బయటికి వచ్చాక వీపు మీద ఎక్కించుకుంటుంది. అరవై, ఎనభై పిల్లలు ఒకే తల్లి వీపు మీద ఉంటాయి. సంచి పొట్ట చివర, పిల్లలు వీపు మీద, ఈ రెండూ కనిపిస్తే అది తోడేలు సాలీడు జాతిదే. ఇంకో అనుమానం అక్కర్లేదు.

ఐదోది, నడవడి. ఇది వల అల్లి కూర్చోదు. దుబ్బు మొదట్లో, నీళ్ళ మీద తిరిగి వేటాడి పట్టుకుంటుంది. మడిలో వల కనిపించలేదు కాబట్టి సాలీళ్ళు లేవనుకోవడం మనం చేసే పెద్ద పొరపాటు.

దీనితోపాటు మరో మూడు రకాలు మన మడుల్లో ఉంటాయి. పొడవాటి దవడల సాలీడు సన్నగా పుల్లలా ఉంటుంది, ఆకు వెంట కాళ్ళు ముందుకీ వెనక్కీ చాపి పడుకుంటుంది, దీనికి వల ఉంటుంది. ముళ్ళకాళ్ళ సాలీడు కాళ్ళ మీద ముళ్ళు నిక్కబొడుచుకుని ఉంటాయి, ఇది ఆకుల మీద తిరిగి రెక్కల పురుగుల్ని పట్టుకుంటుంది. మూడోది మరుగుజ్జు సాలీడు. దీని గురించి కొంచెం ఆగి వినండి.

మరుగుజ్జు సాలీడు శాస్త్రనామం అటిపెనా ఫార్మోసానా. తైవాన్ పాత పేరు ఫార్మోసా, దానిమీద వచ్చిన పేరు ఇది. పెద్దదైనా కొద్ది మిల్లీమీటర్లే ఉంటుంది. పొట్ట మీద మూడు జతల బూడిద రంగు మచ్చలు. దుబ్బు మొదట్లో, నీళ్ళకి కాస్త పైన, తేమలో గుంపుగా ఉంటుంది. ఒక్కో దుబ్బులో ముప్ఫై నలభై కూడా ఉండొచ్చు. చిన్నగా, గుంపుగా, సరిగ్గా దోమ ఉండే చోటే ఉంటుంది కాబట్టి దీన్ని చూసి దోమ పిల్లలనుకుని మందు కొట్టినవాళ్ళు మనలో ఉన్నారు. నేనే కొట్టాను. దోమని తినే దాన్ని దోమ అనుకుని చంపాను! అందుకే చెప్పాను, కాళ్ళు లెక్కపెట్టమని. దోమ పిల్ల ఆరు కాళ్ళతో గెంతుతుంది. మరుగుజ్జు సాలీడు గెంతదు, ఎనిమిది కాళ్ళతో నిదానంగా నడుస్తుంది.

ఇప్పుడు ఇవి చేసే పని. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1987లో వరి రైతు మిత్రుల గురించి ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో లెక్క ప్రకారం పెద్ద తోడేలు సాలీడు రోజుకి ఐదు నుంచి పదిహేను పురుగుల్ని తింటుంది. దోమనే కాదు, కాండం తొలుచు పురుగు రెక్కల పురుగునూ పట్టుకుంటుంది. మరుగుజ్జు సాలీడు రోజుకి నాలుగైదు దోమ పిల్లల్ని తింటుంది. తోడేలు సాలీడు మూడు నాలుగు నెలలు బతుకుతుంది. అంటే ఊడ్పుల్లో వచ్చినది కోతల దాకా మన చేలో ఉంటుంది. దానికి కూలి లేదు, భోజనం మనం పెట్టక్కర్లేదు. మనల్ని వెంటబడి కరవదు, మనల్ని చూస్తే పారిపోతుంది.

మరి మందు కొడితే దోమ ఎందుకు పెరుగుతుంది? ఇది అందరూ అడిగే ప్రశ్న. దోమ గుడ్లు పెట్టేది ఆకు మీద కాదు, ఆకు తొడుగు లోపల. మందు అక్కడికి వెళ్ళదు. నీళ్ళ మీద తిరిగే సాలీడు మాత్రం మందులో నిలువునా తడుస్తుంది. వారం, తొమ్మిది రోజులకి గుడ్లు పగిలి దోమ పిల్లలు బయటికి వస్తాయి. అప్పటికి తినేవాళ్ళు లేరు. దోమకి ఒక తరం నెల రోజుల్లోపే. సాలీడుకు నెలలు పడుతుంది. దొంగ నెలకొకసారి పిల్లల్ని కంటుంటే, కాపలాదారు కోలుకునేసరికి పంట అయిపోతుంది. అందుకే వరిలో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వాడొద్దని శాస్త్రవేత్తలు చెబుతారు. డెల్టామెత్రిన్, మిథైల్ పారాథియాన్ లాంటివి కొట్టాక దోమ ఇంకా పెరగడం వాళ్ళు ప్రయోగాల్లోనే చూశారు.

ఇది ఒక్క మన ఊరి కథ కాదు. ఇండోనేషియా ప్రభుత్వం పురుగుమందులకి ఎక్కువ శాతం సబ్సిడీ ఇచ్చింది. రైతులు కొట్టారు, సుడిదోమ చేలని కాల్చేసింది. చివరికి 1986లో అక్కడి అధ్యక్షుడు సుహార్తో వరిలో 57 రకాల మందుల్ని నిషేధిస్తూ ఆదేశం ఇచ్చాడు. తర్వాత సబ్సిడీ తీసేశారు. 1989 నుంచి రైతు క్షేత్ర పాఠశాలలు మొదలుపెట్టారు. మనం పొలంబడి అంటున్నది దాన్నే. వియత్నాంలో మెకాంగ్ డెల్టా రైతులకి 1990ల్లో రేడియో నాటకాల ద్వారా ఒకే మాట చెప్పారు. విత్తిన తొలి నలభై రోజులు ఆకు తినే పురుగులకి మందు అక్కర్లేదు, వరి ఆ దెబ్బ తట్టుకుని మళ్ళీ ఆకు వేస్తుంది అని. రైతులు విన్నారు, మందు తగ్గించారు. నేను ఆ ఏడాది ఊడ్చిన ఇరవయ్యో రోజున కొట్టిన మందు కూడా అలాంటి అక్కర్లేని మందే.

మరి మనం ఏం చెయ్యాలి? ఐదు పనులు చెబుతాను.

ఒకటి, లెక్క. వారానికొకసారి పొద్దున్నే మడిలోకి దిగండి. మూల నుంచి మూలకి నడుస్తూ ఇరవై దుబ్బులు చూడండి. దుబ్బును వంచి తట్టితే నీళ్ళ మీద పడేవన్నీ లెక్కపెట్టండి. ఒక పక్క దోమలు, ఒక పక్క మిత్రులు రాయండి. సాలీడుతోపాటు మిరిడ్ నల్లి, అక్షింతల పురుగు కూడా మిత్రులే. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఒక సులువు సూత్రం చెబుతుంది. శత్రువులు రెండుంటే మిత్రుడు ఒకటి ఉంటే చాలు, ఆగి చూడండి అని. ఉదాహరణకి ఇరవై దుబ్బుల్లో 120 దోమలు, 64 మిత్రులు కనబడ్డాయనుకోండి. దుబ్బుకి ఆరు దోమలు, మిత్రులు మూడుకి పైనే. మందు కొట్టకండి. నాలుగు రోజులు ఆగి మళ్ళీ లెక్కపెట్టండి.

రెండు, ఎరువు. పశువుల ఎరువు, జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్ట వేసిన మడిలో తొలి రోజుల్లో చిన్న చిన్న ఈగలు, నీటి పురుగులు పుడతాయి. అవి పంటని ఏమీ చెయ్యవు. సాలీడు వాటిని తిని పెరుగుతుంది. దోమ వచ్చేసరికి సాలీళ్ళు సిద్ధంగా ఉంటాయి. ఇది జావా ద్వీపంలో పరిశోధన చేసి తేల్చిన సంగతి. మా పెదనాన్నగారి మడిలో జరిగింది ఇదే. ఆయన ఏటా పేడ ఎరువు తోలేవాడు.

మూడు, కాలిబాటలు. ప్రతి రెండు మీటర్లకి ఇరవై సెంటీమీటర్లు, తూర్పు పడమరలుగా తీయండి. గాలి, వెలుతురు దుబ్బు మొదట్లోకి వెళితే దోమకి గిట్టదు. యూరియా ఒకేసారి గుప్పించొద్దు. లేత చేను దోమకి విందు.

నాలుగు, గట్లు. గడ్డి మందు కొట్టి గట్టును మాడ్చేస్తున్నాం. కోత అయ్యాక, దమ్ము చేసేటప్పుడు సాలీడు తలదాచుకునేది ఆ గట్టు గడ్డిలోనే. కోసి పశువులకి వేయండి, మాడ్చొద్దు. మడి అంచుల్లో అక్కడక్కడ వరిగడ్డి కట్టలు నిలబెట్టినా సాలీళ్ళు వాటిలో చేరతాయి. చైనాలో రైతులు ఈ పని చేస్తారు.

ఐదు, విత్తనం. సాంబ మసూరి దోమకి తట్టుకోదు. ఏటా దోమ వచ్చే పల్లపు మడుల్లో ఎం.టి.యు. 1010 లాంటి తట్టుకునే రకాలు చూసుకోండి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. సాలీడు ఉంటే చాలు, ఇక మందే అక్కర్లేదు అని నేను అనడం లేదు. ఆకలైతే సాలీళ్ళు ఒకదాన్నొకటి తింటాయి, మిరిడ్ నల్లినీ తింటాయి. దోమ బయటి నుంచి గుంపుగా వచ్చి పడినప్పుడు వీటికి అందకపోవచ్చు. ఈనిక దశలో దుబ్బుకి ఇరవై, ఇరవై ఐదు దోమలు దాటి, మిత్రులు లేకపోతే ముందు మడిలో నీళ్ళు తీసేయండి. అప్పటికీ తగ్గకపోతే వ్యవసాయ శాఖ చెప్పిన మందు, చెప్పిన మోతాదులో, దుబ్బు మొదలు తడిసేలా కొట్టండి. రెండు మూడు సీసాలు కలిపి ఆకుల మీద కొడితే డబ్బూ పోతుంది, సాలీడూ పోతుంది, దోమ మాత్రం మిగులుతుంది.

ఇక సంఘం పని. ఇంత చెప్పాక కూడా మన కౌలు రైతు ఎందుకు కొట్టాయన మాటే వింటాడు? తెలివిలేక కాదు. బ్యాంకు అప్పు ఇవ్వదు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది గానీ, భూమి యజమాని సంతకం లేకపోతే కార్డు రాదు. కార్డు లేనివాడికి మందు, ఎరువు అప్పుగా ఇచ్చేది కొట్టాయనే. కొన్నిచోట్ల ధాన్యం కొనేదీ ఆయనే. అప్పు ఇచ్చినవాడు "కొట్టు" అంటే "కొట్టను" అనే ధైర్యం ఎక్కడిది? దోమ వల్ల పంట పోతే ఆ నష్టం కొట్టాయనది కాదు, కౌలు రైతుది. కాబట్టి సాలీడును కాపాడటమంటే ఒక్క పురుగుని కాపాడటం కాదు. అప్పు దొరికే చోటు మారాలి.

అందుకని మన డిమాండ్లు ఇవి. యజమాని సంతకంతో సంబంధం లేకుండా సాగు చేసేవాడికి కార్డు, బ్యాంకు అప్పు. ప్రతి గ్రామంలో పొలంబడి, అందులో కౌలు రైతులతోపాటు కలుపు తీసే కూలి ఆడవాళ్ళకీ చోటు, ఆ రోజు కూలి కూడా ఇవ్వాలి. ఎందుకంటే దుబ్బు మొదలు రోజూ చూసేది వాళ్ళే. వ్యవసాయ సహాయకులకి వారంలో కొన్ని రోజులు పొలంలోనే పని. రాసిచ్చిన సిఫారసు లేకుండా కొట్లో మందులు కలిపి అంటగట్టడం ఆగాలి.

మనవాళ్ళు ఇంట్లో సాలెగూడు ఉంటే దులిపేస్తారు. కానీ శ్రీకాళహస్తి పేరులో "శ్రీ" అంటే సాలీడే. శివుడికి గుడి కట్టిన సాలీడు అని పెద్దలు కథ చెప్పారు. గుడిలో దండం పెడతాం, మడిలో మందు కొడతాం. నేను మిమ్మల్ని దండం పెట్టమని అడగడం లేదు. ఒక్కసారి వంగి చూడమని అడుగుతున్నాను.

వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక కాగితం పట్టుకు రండి. ఇరవై దుబ్బులు, ఇన్ని దోమలు, ఇన్ని సాలీళ్ళు, ఇన్నిసార్లు మందు. అందరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూద్దాం. అధికారి దగ్గరికి వెళ్ళినప్పుడు మన చేతిలో మాటలే కాదు, మన చేలో లెక్క ఉండాలి.

సెలవు.